లారీ నుంచి కొండ దాకా: ఆంధ్ర-ఒడిశా సరిహద్దు గంజాయిపై ఉమ్మడి దర్యాప్తు (కేస్ స్టడీ)

2021 అక్టోబరు మధ్యలో నల్గొండ జిల్లా పోలీసులు గంజాయి కేసుల్లో నిందితుల కోసం విశాఖ ఏజెన్సీకి వెళ్లారు. చింతపల్లి మండలం లంబసింగి ఘాట్‌లో వాళ్లపై రాళ్ల దాడి జరిగింది. ఆత్మరక్షణ కోసం కాల్పులు జరపాల్సి వచ్చింది. ఒక రాష్ట్రం పోలీసులు మరో రాష్ట్రం కొండల్లో తుపాకీ పేల్చే పరిస్థితి ఎందుకొచ్చిందన్న ప్రశ్న నుంచే ఈ కేస్ స్టడీ మొదలవ్వాలి.

నల్గొండకు లంబసింగితో పనేమిటంటే, విశాఖ ఏజెన్సీలో, ఒడిశాలోని మల్కనగిరి, కోరాపుట్ జిల్లాల్లో పండిన సరుకు హైదరాబాద్ మీదుగా మహారాష్ట్ర, కర్ణాటక వెళ్లాలంటే 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కాలి, ఆ రోడ్డు నల్గొండ జిల్లాలోంచే పోతుంది. భద్రాచలం, కొత్తగూడెం మీదుగా ఇంకో దారి. తమిళనాడు, కేరళ వెళ్లే సరుకు 16వ నంబరు రహదారి మీదా, రైళ్లలోనూ పోతుంది. ఎక్కడ పట్టుబడినా డ్రైవరు చెప్పే ఊళ్లు అవే: సీలేరు, చింతపల్లి, జీకే వీధి, చిత్రకొండ. ఏళ్ల తరబడి దారిలో ఉన్న స్టేషన్లు బండిని పట్టుకోవడం, డ్రైవరునీ క్లీనరునీ రిమాండుకు పంపడం, 'సరుకు పంపినవాడు పరారీ' అని రాసి ఛార్జిషీటు వేయడం, ఇదే వరస. మళ్లీ వారానికి ఇంకో బండి, ఇంకో డ్రైవరు.

నిజానికి ఈ సరిహద్దులో రెండు రాష్ట్రాల పోలీసులకు కలిసి పనిచేయడం కొత్త కాదు. మావోయిస్టుల విషయంలో గ్రేహౌండ్స్‌కీ ఒడిశా బలగాలకీ మధ్య సమాచారం ఎప్పటినుంచో నడుస్తోంది. 2016 అక్టోబరులో మల్కనగిరి జిల్లా రామ్‌గుడ ఎదురుకాల్పులు అలాంటి ఉమ్మడి ఆపరేషనే. అదే కొండల్లో, అవే దారుల్లో గంజాయికి మాత్రం ఆ వ్యవస్థ లేకపోయింది. కారణం గోప్యతో, నిధులో కాదు. మావోయిస్టు కేసులో గెలుపు ఇద్దరిదీ. గంజాయి కేసులో పట్టుకున్న కిలోలు ఎవరి లెక్కలో పడతాయన్నది ఎప్పుడూ తేలలేదు. ఈ మాట సమీక్షా సమావేశాల మినిట్స్‌లో కనిపించదు గానీ, సమన్వయం చెడిన చోటల్లా అడుగున ఉండేది ఇదే.

కొండ మీద జరిగింది

ఆ అక్టోబరు ఆఖరులోనే ఆంధ్రప్రదేశ్ పోలీసులు, 2020లో ఏర్పడిన స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో కలిసి 'ఆపరేషన్ పరివర్తన' మొదలుపెట్టారు. విశాఖ ఏజెన్సీ 11 మండలాల్లో 7,500 ఎకరాలకు పైగా తోటలు నరికేశారు. వివిధ కేసుల్లో పట్టుబడి స్టేషన్లలో మూలుగుతున్న 2 లక్షల కిలోల గంజాయిని 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో తగలబెట్టారు. పత్రికలకు ఎక్కిన బొమ్మ ఆ మంటలదే. దర్యాప్తు చేసేవాళ్లకు అంతకంటే పనికొచ్చినవి రెండున్నాయి.

మొదటిది సమయం. అక్కడ గంజాయి తొలకరికి నాటి, చలికాలంలో కోస్తారు. నవంబరు మొదట్లో నరికితే పంట చేతికి రాకముందే పోతుంది. ఫిబ్రవరిలో వెళ్తే ఎండిన మోళ్లు తప్ప మిగలవు, సరుకు అప్పటికే మైదానానికి దిగిపోయి ఉంటుంది. అందుకే డ్రోన్లు, ఉపగ్రహ చిత్రాల పని సెప్టెంబరు-అక్టోబరుల్లో జరగాలి. మొక్క ఏపుగా ఉండి, చుట్టూ ఉన్న వరి, రాగి పచ్చదనం నుంచి వేరుగా కనబడేది అప్పుడే.

రెండోది, ఊళ్లవాళ్లతోనే నరికించడం. మాదకద్రవ్యాల నిరోధానికున్న ఎన్‌డీపీఎస్ చట్టం 46వ సెక్షన్ ప్రకారం తన భూమిలో గంజాయి సాగు జరుగుతుంటే భూమి ఉన్నవాడే వెంటనే సమాచారం ఇవ్వాలి. 47వ సెక్షన్ ఆ బాధ్యతను గ్రామాధికారుల మీదా పెడుతుంది. ఈ రెండింటినీ గ్రామసభలో వాళ్ల భాషలో చదివి వినిపించి, తమంతట తాము పీకేస్తే పంట పోతుందే తప్ప మనిషి జైలుకు పోడన్న భరోసా ఇస్తేనే కత్తి కదులుతుంది. పెట్టుబడి పెట్టేది బయటి వ్యాపారి. విత్తనం, అడ్వాన్సు అతనివే. గిరిజన రైతును ఏ1గా (మొదటి నిందితుడిగా) చూపిస్తే కేసు అక్కడితో ఆగుతుంది, వ్యాపారి పక్క లోయకు మారతాడు. నరికిన చేలో కాఫీ, మిరియం, రాజ్‌మా, పసుపు వేయించడం గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ పని. కాఫీ కాపుకొచ్చేసరికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ మధ్యకాలానికి తిండిగింజలూ, ఏటా చేతికొచ్చే రాజ్‌మా లాంటి పంటా చూపించకపోతే రెండో ఏడాదికే మళ్లీ అవే మొక్కలు మొలుస్తాయి.

సాగు ఇటు తగ్గేకొద్దీ అటు ఒడిశా వైపు జరిగింది. ఒకవైపే ఒత్తిడి పెడితే జరిగేది అదే. 2018లో గురుప్రియ వంతెన కట్టాక చిత్రకొండ అవతల, జలాశయం నీళ్లతో తెగిపోయి ఉన్న 'కటాఫ్' ప్రాంతానికి రోడ్డు వచ్చింది. పోలీసు జీపుతో పాటు బొలెరో వ్యానూ వెళ్లగలుగుతోంది. ఇప్పుడు ఆంధ్ర వైపు సమస్య పంట కంటే రవాణా. అందుకని ఇక్కడి నుంచి మాట కొండ దిగి రోడ్డు మీదికి రావాలి.

బండి దగ్గర మొదటి గంటలు

ఒక నమూనా కేసు అనుకుందాం. హైదరాబాద్ ఔటర్ దగ్గర ఒక వ్యాను, పైన గుమ్మడికాయలు, కింద బ్రౌన్ టేపు చుట్టిన 2 కిలోల పొట్లాలు 110. మొత్తం 220 కిలోలు. ముందు ఒక కారు పైలట్‌గా వెళ్లింది, అది దొరకలేదు. ఈ కేసు నిలబడాలన్నా, వెనక్కి కొండ దాకా పోవాలన్నా మొదటి రాత్రి రాసే కాగితాలే ఆధారం.

ముందస్తు సమాచారంతో పట్టుకుంటే ఎన్‌డీపీఎస్ 42వ సెక్షన్. సమాచారం అందిన వెంటనే రాతపూర్వకంగా పెట్టి, 72 గంటల్లోపు నకలు పై అధికారికి పంపాలి. సూర్యాస్తమయం తర్వాత వారంటు లేకుండా సోదా చేస్తే ఎందుకు ఆగలేకపోయారో కారణం రాయాలి. 'రోడ్డు మీదే కదా, బహిరంగ ప్రదేశం, 43 చాలు' అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. సొంత వాహనం రోడ్డు మీద ఉన్నంతమాత్రాన బహిరంగ ప్రదేశం కాదని, 42 పాటించాల్సిందేనని బూటా సింగ్ కేసులో 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. పక్క రాష్ట్రం నుంచి వాట్సాప్‌లో నంబరు ప్లేటు ఫొటో వచ్చిందంటే అదీ ముందస్తు సమాచారమే. దాన్ని దాచి 'సాధారణ వాహన తనిఖీలో' అని రాస్తే, తర్వాత ఫోన్ రికార్డులు కోర్టుకు వచ్చినప్పుడు డిఫెన్స్ లాయరుకు పండగే. సమాచారం ఇచ్చిన జిల్లా పేరు బయటపెట్టనక్కర్లేదు, సమాచారం వచ్చిన సమయం మాత్రం నిజంగా ఉండాలి.

50వ సెక్షన్ మనిషి ఒంటి మీద సోదాకే, సంచికీ బండికీ కాదు. అయినా గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట సోదా కోరే హక్కు ఉందని నిందితుడికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. మల్కనగిరి నుంచి వచ్చిన కూలీకి తెలుగులో అచ్చేసిన నోటీసు మీద వేలిముద్ర వేయిస్తే ఆ కాగితానికి విలువేమిటి? ఒడియా, హిందీ నోటీసు నమూనాలు స్టేషన్లో సిద్ధంగా పెట్టుకోవచ్చు. కువి లాంటి గిరిజన భాషలకు దుబాసీ పేరు మధ్యవర్తుల నివేదికలోనే ఎక్కాలి. 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 105 ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయడం తప్పనిసరి. మధ్యలో ఫోన్ చార్జింగ్ అయిపోయి తూకం దగ్గర వీడియో ఆగిపోవడం అన్ని జిల్లాల్లోనూ జరిగేదే. రెండు ఫోన్లు, ఒక పవర్ బ్యాంకు, ధ్రువీకరించిన తూకం యంత్రం, టార్చిలైట్లు కిట్‌లో ఉండాలి.

తూకం గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎక్కువ కేసులు చెడేది ఇక్కడే. చట్టం దృష్టిలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొమ్మల చివరలు. వాటితో కలిసి లేని విడి ఆకు, విత్తనం లెక్కలోకి రావు. మూట మొత్తం తూచి '22 కిలోలు' అని రాస్తే, అందులో గోనె ఎంత, టేపు ఎంత, కాడ ఎంత అని మొదలవుతుంది వాదన. 20 కిలోలు దాటితేనే వాణిజ్య పరిమాణం, సరిగ్గా 20 అయితే కాదు. దాటితే శిక్ష 10 నుంచి 20 ఏళ్లు, బెయిలుకు 37వ సెక్షన్ అడ్డు, ఛార్జిషీటుకు 180 రోజులు. దాటకపోతే గరిష్ఠం పదేళ్లు, 60 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే నిందితుడు బయటికి వస్తాడు. ఈ లెక్క రవాణా చేయించేవాళ్లకు బాగా తెలుసు, అందుకే రైల్లో ఒక్కొక్కరి దగ్గర సంచులు 20 లోపే ఉంటాయి. నలుగురు ఒకే బోగీలో, ఒకే పీఎన్‌ఆర్ మీద, ఒకే ఫోన్ నంబరుకు మాట్లాడుతూ దొరికితే నాలుగు విడి కేసులు కట్టకూడదు. 29వ సెక్షన్ కుట్రతో ఒకే కేసు కావాలి. రైల్వే రక్షణ దళం ఆర్పీఎఫ్‌కు 2019 నుంచి ఎన్‌డీపీఎస్ కింద సోదా, స్వాధీనం అధికారం ఉంది గానీ, ఒక్కో స్టేషన్లో ఒక్కొక్కరిని దింపి విడివిడిగా అప్పగిస్తే ఈ ముడి తెగిపోతుంది.

పచ్చి సరుకు ఆరేకొద్దీ బరువు తగ్గుతుంది. స్వాధీనం రోజు 220 కిలోలు ఉన్నది నెల తర్వాత మేజిస్ట్రేటు ముందు 205 కావచ్చు. ఆ తేడాకు కారణం ఫైల్లో లేకపోతే 'పోలీసులే అమ్ముకున్నారు' అన్న అనుమానం పుడుతుంది. తేమగా ఉందా, పూర్తిగా ఎండిందా అన్నది మొదటి రోజే పంచనామాలో రాయాలి. 52ఏ కింద ఇన్వెంటరీ (సరుకు జాబితా) కోసం మేజిస్ట్రేటుకు దరఖాస్తు ఆలస్యం చేయకూడదు. 2022 డిసెంబరు నిబంధనల తర్వాత శాంపిళ్లు రోడ్డు మీద తీయడం కాదు, మేజిస్ట్రేటు ఎదుటే. ఒకే సైజు, ఒకే గుర్తు, రంగు పరీక్షలో ఒకే ఫలితం ఉన్న గంజాయి పొట్లాలను 40కి మించకుండా లాటు కట్టవచ్చు. మన 110 పొట్లాలు 40, 40, 30గా మూడు లాట్లు. ఒక్కో లాటు నుంచి 24 గ్రాములకు తగ్గకుండా రెండేసి నమూనాలు, అంటే ఆరు కవర్లు, కనీసం 144 గ్రాములు. మూడు పొట్లాల్లో రకం తేడాగా కనిపిస్తే వాటిని లాటులో కలపకూడదు, విడిగా తీయాలి. మేజిస్ట్రేటు ధ్రువీకరించిన ఆ జాబితా, ఫొటోలు, నమూనాలే తర్వాత ప్రాథమిక సాక్ష్యం, మిగతాది కాల్చేయవచ్చు. కోడూరులో అంత గుట్ట పోగుపడింది ఈ పని ఏళ్లపాటు జరగనందుకే. ప్రాపర్టీ రూములో ఎలుకలు కొట్టిన మూటలకు జవాబు చెప్పుకునే రైటరును అడిగితే తెలుస్తుంది.

డ్రైవరు చెప్పిన పేరు

'సీలేరులో ఫలానావాడు ఎక్కించాడు, ధూల్‌పేటలో ఫలానావాడు దించుకుంటాడు.' డ్రైవరు ఈ రెండు పేర్లూ చెప్తాడు. 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు తూఫాన్ సింగ్ తీర్పు వచ్చాక, దర్యాప్తు అధికారి ముందు ఇచ్చే 67వ సెక్షన్ వాంగ్మూలం ఒప్పుకోలుగా పనికిరాదు. పోలీసుల ముందు చెప్పింది ముందునుంచీ పనికిరాదు. ఆ పేరు మీదే అరెస్టు చేస్తే బెయిలు ఖాయం, కొట్టివేతా రావచ్చు. కాబట్టి సంస్థల మధ్య సహకారం అంటే ఆచరణలో ఈ రెండు పేర్లను స్వతంత్ర ఆధారాలతో బండికి కట్టే పని.

ఆ ఆధారాలు ఒక్క చోట ఉండవు. ఫాస్టాగ్ జాడ టోల్ నిర్వాహకుల దగ్గర. పైలట్ కారు దొరకకపోయినా, ప్రతి టోల్ గేటులో వ్యానుకు రెండు మూడు నిమిషాల ముందు దాటిన ఒకే నంబరు నాలుగు గేట్లలో కనిపిస్తే చాలు. సీసీటీవీ దృశ్యాలు ఎక్కువ చోట్ల కొద్ది రోజులకే చెరిగిపోతాయి, వాటిని భద్రపరచమనే లేఖ రిమాండ్ రిపోర్టు కంటే ముందు వెళ్లాలి. నర్సీపట్నంలోనో తునిలోనో లాడ్జి రిజిస్టరు, పెట్రోలు బంకు యూపీఐ చెల్లింపు, ఘాట్ ఎక్కేటప్పటి చెక్‌పోస్టు ఎంట్రీ ఆంధ్ర పోలీసులు తేవాలి. కొండ మీద సిగ్నల్ ఉండదు. ఫోన్ ఆగిపోయిన చివరి టవరు, మళ్లీ మోగిన మొదటి టవరు, మధ్య గడిచిన గంటలు కలిపి చూస్తే ఎంత లోపలికి వెళ్లాడో తెలుస్తుంది. ఆ లోయ ఒడిశాదైతే అక్కడి స్టేషన్ సాయం లేకుండా అడుగు పడదు. డబ్బు దారి బ్యాంకుల దగ్గర. సీడీఆర్ (ఫోన్ కాల్స్ రికార్డు) అయినా వీడియో అయినా కొత్త సాక్ష్య చట్టం బీఎస్ఏ 63 ధ్రువపత్రం, ఫైలు మారలేదని చూపే హాష్ విలువతో ఉంటేనే కోర్టులో నిలుస్తుంది. పక్క జిల్లా పంపిన పెన్‌డ్రైవ్‌కు ఆ పత్రం లేక వదిలేసిన ఆధారాలు కొల్లలు.

బాగా పనిచేసిన చోట్ల పద్ధతి సూటిగా ఉంది. ఎఫ్ఐఆర్ పట్టుకున్న స్టేషన్‌దే. మూలం ఉన్న జిల్లాలో ఒక ఇన్‌స్పెక్టర్ పేరుతో బాధ్యత పెడతారు, సంస్థ పేరుతో కాదు. నాలుగైదు ప్రశ్నలున్న ఒక పేజీ లేఖ వెళ్తుంది: ఈ నంబరు ఎవరు వాడుతున్నారు, ఈ ఇంటికి దగ్గరి చెక్‌పోస్టు ఏది, ఇతని మీద పాత కేసులేమిటి. జవాబుకు గడువు. అరెస్టుకు వెళ్లేటప్పుడు స్థానిక ఎస్పీకి ముందే కబురు, స్థానిక స్టేషన్ జీపు ముందు, జనరల్ డైరీలో రాక నమోదు. లంబసింగిలాంటి చోట మఫ్టీలో ప్రైవేటు కార్లు దిగితే ఊరు కిడ్నాపర్లనుకుంటుంది, సరుకున్నవాడు అలాగే అనుకోమంటాడు కూడా. ప్రెస్ నోటులో రెండు జిల్లాల పేర్లూ ఉంటాయి. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, తర్వాతి లేఖకు జవాబు ఎంత త్వరగా వస్తుందో దాని మీదే ఆధారపడుతుంది.

పైనుంచి వచ్చిన చట్రాలూ ఉన్నాయి. 2016లో మొదలై 2019లో నాలుగంచెలుగా మారిన ఎన్‌కార్డ్ (మాదకద్రవ్యాలపై సంస్థల సమన్వయ వ్యవస్థ)లో జిల్లా స్థాయి కమిటీ కలెక్టరు అధ్యక్షతన కూర్చుంటుంది. ఎక్కువ చోట్ల అవగాహన ర్యాలీల లెక్కతోనే సరిపోతోంది. 2022లో వచ్చిన నిదాన్ పోర్టల్‌లో దేశవ్యాప్తంగా ఎన్‌డీపీఎస్ నిందితుల వివరాలు దొరుకుతాయి. అరెస్టు రోజే అందులో వెతకాలి. డ్రైవరు మరో రాష్ట్రంలో ఇలాగే దొరికి బెయిలు మీద ఉన్నాడని తేలితే, అక్కడి బెయిలు రద్దుకు అప్పుడే లేఖ రాయొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో సెబ్ (స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో) రద్దయ్యాక 2024 నవంబరులో మాదకద్రవ్యాల నిరోధానికి 'ఈగల్' వచ్చింది, 1972 ఫిర్యాదు నంబరుతో. తెలంగాణ యాంటీ నార్కోటిక్స్ బ్యూరో కూడా 2025 జూన్‌లో అదే పేరు తీసుకుంది, దాని నంబరు 1908. పేర్లు కలిసినంత తేలిగ్గా ఫైళ్లు కలవవు మరి.

ఊళ్లో కత్తులు

దించుకునే చివరన హింస ఉంది. సరుకు అప్పు మీద నడుస్తుంది. ఏజెన్సీ వ్యాపారికి నగర డీలరు, డీలరుకు వీధిలో అమ్మే కుర్రాడు బాకీ. దారిలో ఒక బండి పోలీసులకు దొరికితే ఆ నష్టం ఎవరిదన్న తగాదా కిందికి దిగి, చివరికి కత్తిపోటుగా ఏదో ఒక స్టేషన్లో నమోదవుతుంది. విజయవాడ, రాజమండ్రిలలో జనం 'బ్లేడ్ బ్యాచ్' అనే గుంపుల కేసులు మామూలుగా 'పాత కక్షలు' అన్న ఒక్క మాటతో మూసేస్తారు. పెద్ద స్వాధీనం జరిగిన వారంలో, ఆ సరుకు చేరాల్సిన వాడల్లో జరిగిన దాడి కేసులన్నీ నార్కోటిక్స్ విభాగం చూడాలి. నిందితుడి ఫోన్లో యూపీఐ వరుసలు, నిదాన్‌లో పేరు, రౌడీషీటు, ఈ మూడూ పక్కపక్కన పెడితే బాకీ గొలుసు బయటపడుతుంది.

చేతిలో ఉన్న ఉపాయాలు ఒక మనిషికి ఒకటి సరిపోతాయి, అందరికీ ఒకటి సరిపోదు. వాడే కుర్రాడు స్వచ్ఛందంగా చికిత్సకు వస్తే 64ఏ రక్షణ ఉంది. వాడిని అమ్మేవాడి పక్కన ఏ4గా కూర్చోబెడితే మంచి సాక్షి పోతాడు. అలవాటుపడ్డ చిల్లర అమ్మకందారుకు బీఎన్‌ఎస్‌ఎస్ 129 బైండోవర్ (మంచి నడతకు బాండు). బాండు ఉల్లంఘిస్తే నిజంగా జైలుకు పంపే తహసీల్దారు ఉంటేనే దానికి పదును. పదేపదే దొరికే డీలరుకు పీడీ యాక్ట్ లేదా 1988 నాటి పిట్-ఎన్‌డీపీఎస్ చట్టం కింద ముందస్తు నిర్బంధం. పాత కేసులు, ఆలస్యమైన ప్రతిపాదనలు, నిందితుడికి రాని భాషలో ఇచ్చిన కారణాలు వీటిని కోర్టులో పడగొడతాయి. 2024లో తెలంగాణ ఎక్సైజ్ శాఖ 'ఆపరేషన్ ధూల్‌పేట' పేరుతో హైదరాబాద్‌లోని ఒకే పేటను పట్టుకుని వరసగా దాడులు చేసింది. అమ్మకం పక్క బస్తీకి జరగడం అక్కడ కూడా తప్పలేదు. అందుకే ధూల్‌పేటలో ఎక్సైజ్ వెళ్లే రాత్రి చుట్టుపక్కల స్టేషన్ల బీటు కూడా మారాలి.

రోడ్డు తనిఖీల్లో ప్రాణాపాయమూ తక్కువేం కాదు. 2024 డిసెంబరు 31 అర్ధరాత్రి కాకినాడ జిల్లా కిర్లంపూడి మండలం కృష్ణవరం టోల్ ప్లాజా దగ్గర తనిఖీ చేస్తున్న కానిస్టేబుళ్ల మీదికి గంజాయి కారు దూసుకెళ్లింది. బండి ముందు మనిషి నిలబడి చెయ్యెత్తే పద్ధతి మానాలి. టోల్ బూమ్ దించి ఉన్న, ముందూ వెనకా భారీ వాహనం ఉన్న లేనులో ఆపాలి. తాళం తీసేదాకా ఎవరూ బానెట్ ఎదుటికి రాకూడదు. టైర్లు చీల్చే స్పైకు పట్టీ ఐదు పది మీటర్ల అవతల ఉండాలి.

ఆస్తి, వారంటు

డ్రైవరుకు పదేళ్లు పడ్డా వ్యాపారికి చీమ కుట్టినట్టుండదు. అతనికి నొప్పి తెలిసేది ఆస్తి దగ్గరే. ఎన్‌డీపీఎస్ 68ఎఫ్ కింద దర్యాప్తు అధికారే స్తంభన ఉత్తర్వు ఇవ్వొచ్చు. నకలు 48 గంటల్లో చెన్నైలోని కాంపిటెంట్ అథారిటీకి (జప్తు తేల్చే అధికారికి) చేరాలి, 30 రోజుల్లోపు అక్కడ ధ్రువీకరణ రాకపోతే ఉత్తర్వు చెల్లదు. అరెస్టుకు ఆరేళ్లకు ముందు కొన్నవాటిని జప్తు చేయలేరు. సక్రమంగా సంపాదించానని రుజువు చేసుకోవాల్సింది ఆస్తి ఉన్నవాడే. ఇక్కడ ఎక్కువగా జరిగేది ఏమిటంటే, ఇల్లు ఒక జిల్లాలో, భార్య పేరు మీద స్థలం మరో జిల్లాలో, బండి ఫైనాన్సు ఇంకో రాష్ట్రంలో ఉండి, ఈసీలు (ఆస్తి లావాదేవీల పత్రాలు) వచ్చేసరికి గడువు దాటిపోతుంది. ఆస్తుల జాబితా సిద్ధమయ్యాకే ఉత్తర్వు రాయాలి, ముందు రాసి తర్వాత వెతకడం కాదు. ఈ పనికి ఒక సబ్ రిజిస్ట్రారు కార్యాలయం తెలిసిన ఏఎస్సై, ఒక బ్యాంకు అనుభవం ఉన్నవాడు కావాలి. ఎన్‌కౌంటర్ స్పెషలిస్టులు అక్కర్లేదు.

ఇప్పటికీ సరిదిద్దనిది ఒకటుంది. తెలంగాణ, మహారాష్ట్ర, తమిళనాడు కోర్టుల నుంచి ఏజెన్సీ నిందితుల మీద జారీ అయిన నాన్ బెయిలబుల్ వారంట్లు పోస్టులో వచ్చి ఇంటిపేరు తప్పనో, ఊరు దొరకలేదనో తిరిగి వెళ్తాయి. కొండ ఊళ్లలో ఒకే పేరున్నవాళ్లు అరడజను మంది ఉంటారు, తండ్రి పేరు, తెగ, పంచాయతీ లేకుండా ఆ వారంటు ఎవరికీ పనికిరాదు. అదే మనిషి విశాఖ సెంట్రల్ జైల్లోనో, కోరాపుట్ జైల్లోనో వేరే కేసులో ఉండొచ్చు. జైల్లో ఉన్నవాడిని కోర్టుకు రప్పించే పీటీ వారంటు వేస్తే సరిపోయేదానికి మూడేళ్లుగా 'పరారీ' అని ఉంటుంది. సరిహద్దు ఎస్పీల సమావేశం ఎజెండాలో మొదటి కాగితంగా స్టేషన్ల వారీ వారంట్ల జాబితా పెట్టి, పక్కన జైళ్ల శాఖ నుంచి తెచ్చిన ఖైదీల జాబితాతో అక్కడే సరిపోల్చుకుంటే, కొండ ఎక్కకుండానే కొన్ని పేర్లు తేలిపోతాయి.